ఎన్నిక గెలిచారు, ఆరోగ్య బీమా ఓడిపోయింది: హ్యారీ ట్రూమన్ జీవితం

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడితే ఒక తగవు తప్పకుండా మళ్లీ మొదలవుతుంది. జబ్బు చేస్తే బిల్లు ఎవరు కట్టాలి? ప్రభుత్వమా, ఉద్యోగం ఇచ్చిన కంపెనీయా, రోగి కుటుంబమా? ఒక్కో అభ్యర్థి ఒక్కో పథకంతో ముందుకొస్తారు. ఓటర్లు రెండుగా చీలిపోయి వాదించుకుంటారు. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండడానికి వెళ్లే అమ్మానాన్నలకు విమానం టికెట్‌తో పాటు ఇన్సూరెన్స్ కూడా కొనే తెలుగు ఇళ్లకు ఆ బిల్లుల భయం బాగానే తెలుసు.

ఇంత సంపన్న దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు వెతికితే, దారి 1940ల దాకా వెళ్తుంది. అక్కడ కనిపించే ప్రధాన పాత్ర హ్యారీ ఎస్ ట్రూమన్. మనకు ఆయన పేరు హిరోషిమా, నాగసాకిలతో ముడిపడి ఉంది. ఆయన గురించి ఏం రాసినా ఆ రెండు నగరాల మీద వేసిన అణుబాంబులను పక్కన పెట్టి రాయలేం. అయితే ఆ బాంబులు వేసిన మూడు నెలలకే, అదే అధ్యక్షుడు తన దేశంలో డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం ఆగకూడదని చట్టసభను కోరారు. ఆ కోరిక ఎలా ఓడిపోయిందో తెలిస్తే నేటి అమెరికా ఎన్నికల తగవు సగం అర్థమవుతుంది.

కళ్లద్దాల కుర్రాడు

ట్రూమన్ 1884 మే 8న మిస్సోరి రాష్ట్రంలోని లమార్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రిది వ్యవసాయం, పశువుల వ్యాపారం. పేరు మధ్యలో ఉన్న ఎస్ అక్షరానికి పూర్తి రూపం లేదు. ఇద్దరు తాతల పేర్లలోనూ ఆ అక్షరం ఉండడంతో, ఎవరినీ నొప్పించకుండా అక్షరం మాత్రమే ఉంచేశారు. ఆయనకు ఆరేళ్లప్పుడు కుటుంబం ఇండిపెండెన్స్ అనే పట్టణానికి మారింది. చివరిదాకా ఆయనకు సొంతూరు అంటే అదే.

పదేళ్ల వయసులో డిఫ్తీరియా సోకింది. ప్రాణం దక్కింది కానీ కాళ్లూ చేతులూ చచ్చుబడి కొన్ని నెలలు మంచానికే పరిమితమయ్యారు. చంటిపిల్లల బండిలో కూర్చోబెట్టి తిప్పాల్సి వచ్చింది. చూపు కూడా చిన్నప్పటి నుంచే మందగించింది. దళసరి అద్దాలు పగిలితే మళ్లీ కొనడం ఖరీదు కాబట్టి ఆటలకు దూరంగా ఉండి పుస్తకాలకు దగ్గరయ్యారు. 1901లో హైస్కూలు పూర్తయ్యేసరికి ఇంటి ఆర్థిక పరిస్థితి దెబ్బతింది. చూపు సరిగా లేకపోవడంతో సైనిక అకాడమీ దారి కూడా మూసుకుపోయింది. అమెరికా అధ్యక్షుల్లో కాలేజీ డిగ్రీ లేని చివరి వ్యక్తి ఆయనే.

కొన్నాళ్లు బ్యాంకు గుమాస్తాగా పనిచేశారు. 1906 నుంచి పదేళ్లకు పైగా గ్రాండ్‌వ్యూలోని కుటుంబ పొలంలో వ్యవసాయం చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో ఫిరంగిదళానికి కెప్టెన్‌గా వ్యవహరించారు. తిరిగొచ్చి 1919లో బెస్ వాలెస్‌ను పెళ్లి చేసుకున్నారు. స్నేహితుడితో కలిసి కాన్సస్ సిటీలో మగవాళ్ల దుస్తుల దుకాణం పెట్టారు. మాంద్యం దెబ్బకు 1922లో అది మూతపడింది. దివాలా పిటిషన్ పెట్టకుండా ఏళ్ల తరబడి ఆ అప్పులు తీర్చారు.

రాజకీయ యంత్రం నీడలో

దుకాణం మూతపడిన ఏడాదే ఆయన జాక్సన్ కౌంటీలో ఎన్నికల బరిలోకి దిగారు. ఆయన గెలిచిన పదవి పేరు జడ్జి అయినా అది న్యాయస్థానం పని కాదు. మన జిల్లా పరిషత్ లాంటి బాధ్యత. రోడ్లు, పన్నులు, నిరుపేద వృద్ధుల ఆశ్రమం వంటివి ఆ కౌంటీ కోర్టు కిందికే వచ్చేవి. వైద్యం ఖర్చు భరించలేని కుటుంబాలు స్థానిక ప్రభుత్వం గుమ్మం ముందు ఎలా నిలబడతాయో ఆయన ఆ కుర్చీలోంచే చూశారు.

ఆ పదవి దక్కడానికి కారణం కాన్సస్ సిటీ రాజకీయాలను గుప్పిట్లో పెట్టుకున్న టామ్ పెండర్‌గాస్ట్. ఓట్లు, కాంట్రాక్టులు, ఉద్యోగాలు అన్నీ ఆయన కనుసన్నల్లో నడిచేవి. 1934లో ట్రూమన్ సెనెట్‌కు ఎన్నికైనప్పుడు వాషింగ్టన్‌లో చాలామంది ఆయన్ను పెండర్‌గాస్ట్ మనిషిగానే చూశారు. 1939లో పన్ను ఎగవేత కేసులో పెండర్‌గాస్ట్ జైలుకెళ్లారు. ట్రూమన్ సొంతంగా డబ్బు తిన్నారని ఎవరూ నిరూపించలేదు, కానీ ఆ మచ్చ మాత్రం చాలాకాలం వెంటాడింది.

దాన్ని కడిగింది యుద్ధకాలపు పని. 1941 నుంచి రక్షణ కాంట్రాక్టుల్లో దుబారాను వెలికితీసే సెనెట్ కమిటీకి ఆయన నాయకత్వం వహించారు. ఆ పేరుతోనే 1944లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యారు. 1945 ఏప్రిల్ 12న రూజ్‌వెల్ట్ హఠాత్తుగా మరణించడంతో, ఉపాధ్యక్షుడై మూడు నెలలైనా నిండని ట్రూమన్ అధ్యక్షుడయ్యారు.

1945 ప్రతిపాదనలో ఏముంది?

యుద్ధం అమెరికాకు ఒక చేదు లెక్క చూపించింది. 1945 ఏప్రిల్ 1 నాటికి, 18 నుంచి 37 ఏళ్ల మధ్య పురుషుల్లో దాదాపు 50 లక్షల మంది సైన్యానికి పనికిరారని పరీక్షల్లో తేలింది. పరీక్షించిన వారిలో అది సుమారు 30 శాతం. దేశంలోని దాదాపు 1,200 కౌంటీల్లో, అంటే మొత్తంలో 40 శాతం చోట్ల, ఆసుపత్రే లేదు, లేదా ఉన్నది కనీస ప్రమాణాలకు తూగలేదు. ఆ ప్రాంతాల్లో నివసించేవారు కోటిన్నర మంది.

1945 నవంబర్ 19న కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, పంపిన ప్రత్యేక సందేశంలో ట్రూమన్ ఈ లెక్కలన్నీ పెట్టి ఐదు పనులు చేయాలన్నారు. ఆసుపత్రులు కట్టడం, ప్రజారోగ్యం, తల్లీబిడ్డల సేవలు విస్తరించడం, వైద్య విద్యకు, పరిశోధనకు డబ్బివ్వడం, జబ్బుతో పనికి వెళ్లలేనివారికి కోల్పోయిన జీతంలో కొంత చెల్లించడం వాటిలో నాలుగు. గొడవంతా మిగిలిన ఒక్కదాని మీదే. అది జాతీయ ఆరోగ్య బీమా.

ఆరోగ్యశ్రీ తెలిసిన మనకు ఆ పథకం అర్థం కావడం కష్టం కాదు. వైద్యం చేసేది ప్రైవేటు డాక్టరో ఆసుపత్రో కావచ్చు, బిల్లు చెల్లించేది ఉమ్మడి నిధి. తేడా ఏమిటంటే, ఆరోగ్యశ్రీ పన్నుల డబ్బుతో ప్రధానంగా పేద కుటుంబాల కోసం వచ్చింది. ట్రూమన్ పథకం జీతం వచ్చే ప్రతి ఒక్కరూ చేరాల్సినది. ఏడాదికి 3,600 డాలర్ల దాకా ఉన్న ఆదాయంపై సుమారు 4 శాతం ఖర్చవుతుందని అంచనా వేశారు. కట్టుకోలేని నిరుపేదల వాటా ప్రభుత్వం భరిస్తుంది. రోగి తనకు నచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు. సెనెటర్లు రాబర్ట్ వాగ్నర్, జేమ్స్ ముర్రే, ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ డింగెల్ అదే రోజు బిల్లు ప్రవేశపెట్టారు.

కాలం కూడా అలాంటిదే. బ్రిటన్ తన జాతీయ ఆరోగ్య సేవకు సిద్ధమవుతోంది. వలస పాలనలోని మన దేశంలో భోర్ కమిటీ, డబ్బు కట్టలేరన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించకూడదన్న సూత్రంతో 1946లో నివేదిక ఇచ్చింది.

ఒక జబ్బుకు నాలుగు మందులు

వైద్యం ఖరీదైపోయిందని ప్రత్యర్థులూ ఒప్పుకున్నారు. మందు దగ్గరే విభేదం వచ్చింది. రిపబ్లికన్ల అగ్రనేత, ఒహాయో సెనెటర్ రాబర్ట్ టాఫ్ట్ దృష్టిలో తప్పనిసరి బీమా సోషలిజమే. దానికి బదులు, పేదల వైద్యం కోసం రాష్ట్రాలకు కేంద్రం గ్రాంట్లు ఇస్తే చాలని ఆయన బిల్లు పెట్టారు. డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఇష్టమైనవాళ్లు ప్రైవేటు బీమా కొనుక్కోవాలంది. 1949 నాటికి కొందరు మధ్యేమార్గ రిపబ్లికన్లు ఆదాయాన్ని బట్టి ప్రీమియం ఉండే, ప్రభుత్వ సాయం అందే స్వచ్ఛంద పథకం ప్రతిపాదించారు. దాన్ని బలపరిచిన వారిలో యువ రిచర్డ్ నిక్సన్ కూడా ఉన్నారు. ప్రభుత్వ బీమా, పేదలకు మాత్రమే సాయం, ప్రైవేటు బీమా, సబ్సిడీతో ప్రైవేటు బీమా. నేటి అమెరికా అభ్యర్థులు వాదించుకునే పథకాలు చాలావరకు ఈ నాలుగింటి రూపాంతరాలే.

ట్రూమన్ సందేశంలోని మొదటి అంశం మాత్రం త్వరగానే చట్టమైంది. ఆసుపత్రుల నిర్మాణానికి నిధులిచ్చే హిల్-బర్టన్ చట్టంపై 1946 ఆగస్టులో ఆయన సంతకం చేశారు. భవనాలు కావాలని అన్ని పార్టీలూ కోరుకున్నాయి. కానీ ఆ చట్టంలో దక్షిణాది సభ్యుల పట్టుతో ఒక నిబంధన చేరింది. సౌకర్యాలు సమానమని చూపిస్తే నల్లజాతివారికి, తెల్లవారికి వేర్వేరు ఆసుపత్రులు ఉండొచ్చు. 1963లో కోర్టు కొట్టేసేదాకా అది కొనసాగింది.

1946 నవంబర్ మధ్యంతర ఎన్నికల్లో రెండు సభలూ రిపబ్లికన్ల చేతికెళ్లాయి. బీమా బిల్లు మూలనపడింది.

1948: ఓటరు ముందుకు

1948 అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్ ఓటమి ఖాయమని దాదాపు అందరూ నమ్మారు. సొంత పార్టీయే మూడు ముక్కలైంది. నల్లజాతివారి పౌర హక్కులకు ఆయన మద్దతివ్వడం నచ్చని దక్షిణాది డెమొక్రాట్లు స్ట్రామ్ థర్మండ్‌ను నిలబెట్టారు. ఆయన మరీ మెతకగా ఉన్నారనుకున్న వామపక్షం, జాతీయ ఆరోగ్య బీమాను కూడా సమర్థించిన హెన్రీ వాలెస్ వెంట నడిచింది. రిపబ్లికన్ల అభ్యర్థి న్యూయార్క్ గవర్నర్ థామస్ డ్యూయీ తప్పనిసరి ఆరోగ్య బీమాకు వ్యతిరేకి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. డ్యూయీ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలబడిన కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్, 1945లో తన రాష్ట్రంలో తప్పనిసరి ఆరోగ్య బీమా తెచ్చేందుకు ప్రయత్నించారు. అంతకుముందు మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రి పాలైనప్పుడు, ఇదే జబ్బు సామాన్య కుటుంబానికి వస్తే ఏమవుతుందని ఆలోచించానని ఆయన చెప్పుకొన్నారు. రాష్ట్ర డాక్టర్ల సంఘం ఆ బిల్లును ఓడించింది.

ట్రూమన్ రైలెక్కారు. నెలల తరబడి ఊరూరా ఆగి, చివరి పెట్టె వెనక వసారా మీంచి జనంతో మాట్లాడారు. ఏమీ చేయని కాంగ్రెస్ అంటూ రిపబ్లికన్ సభలను ఎండగట్టారు. గృహనిర్మాణం, ధరలు, కార్మిక చట్టం, పంట ధరలతో పాటు ఆరోగ్య బీమాను తొక్కిపెట్టారని కూడా గుర్తుచేశారు. న్యూస్‌వీక్ పత్రిక అడిగిన 50 మంది రాజకీయ నిపుణులూ డ్యూయీయే గెలుస్తారన్నారు. డ్యూయీ గెలిచినట్టు షికాగో ట్రిబ్యూన్ పతాక శీర్షికే అచ్చేసింది. తీరా లెక్క తేలితే ట్రూమన్‌కు 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189, థర్మండ్‌కు 39. రెండు సభలూ మళ్లీ డెమొక్రాట్ల చేతికొచ్చాయి.

ఇక బీమా వచ్చేసినట్టేనని మద్దతుదారులు సంబరపడ్డారు. కానీ ఆ తీర్పులో ఆరోగ్య బీమా వాటా ఎంత? రైతు పంట ధర చూసి, కార్మికుడు యూనియన్ హక్కు చూసి, మరొకరు ఇంటి అద్దె చూసి అదే గుర్తుకు ఓటేశారు. ఓటరు ఒక మనిషిని ఎన్నుకుంటాడు. ఆ మనిషి జేబులో ఉన్న ప్రతి కాగితం మీదా సంతకం పెట్టినట్టు కాదు.

డాక్టరు గదిలో ప్రచారం

ఫలితాలు రాగానే మెడికల్ అసోసియేషన్ ఒక్కో సభ్యుడి నుంచి 25 డాలర్లు వసూలు చేయాలని నిర్ణయించింది. కాలిఫోర్నియాలో వారెన్ పథకాన్ని ఓడించిన క్లెమ్ విటేకర్, లియోన్ బ్యాక్స్‌టర్ దంపతులనే ఈసారి జాతీయ స్థాయిలో నియమించుకుంది. ఎన్నికల ప్రచారాన్నే వృత్తిగా చేసుకున్న సంస్థ వారిది. 1949 ఒక్క ఏడాదిలోనే ఈ పోరాటానికి దాదాపు 15 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. ఆనాటికి అది అసాధారణ మొత్తం.

డబ్బు కంటే దాన్ని వాడిన తీరు ముఖ్యం. వాళ్లు పథకం వివరాల జోలికి పెద్దగా పోలేదు. సోషలైజ్డ్ మెడిసిన్, అంటే సర్కారు వైద్యం, అన్న ఒక్క మాటను జనం నోట నానేలా చేశారు. జబ్బుపడ్డ పిల్ల పక్కన కూర్చున్న డాక్టరును ల్యూక్ ఫిల్డ్స్ చిత్రించిన పాత బొమ్మను తీసుకుని, ఈ దృశ్యంలోకి రాజకీయాలను రానివ్వొద్దన్న అర్థం వచ్చేలా పోస్టర్లు వేయించారు. అవి డాక్టర్ల వెయిటింగ్ రూముల్లో వెలిశాయి. లెనిన్ అన్నట్టుగా ఒక వాక్యాన్ని కరపత్రాల్లో అచ్చేశారు. సోషలిస్టు రాజ్యానికి వైద్యమే పునాదిరాయి అన్నది దాని సారాంశం. లెనిన్ రచనల్లో అలాంటి మాట ఎక్కడా దొరకలేదు.

కోల్డ్ వార్ ముదురుతున్న రోజులవి. చైనాలో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చారు. అలాంటప్పుడు తాను నమ్మే సొంత డాక్టరే ఈ పథకం వస్తే మీ మీద ప్రభుత్వ పెత్తనం తప్పదని చెబితే, రోగి ఎవరి మాట వింటాడు? డాక్టర్లు ప్రైవేటుగానే ఉంటారని, రోగి ఎంపికకు అడ్డు లేదని ట్రూమన్ ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట వెయిటింగ్ రూము దాకా చేరలేదు. ప్రజల మద్దతు తగ్గుతూ వచ్చింది.

చట్టసభలోనూ దారి లేదు. డెమొక్రాట్లకు మెజారిటీ ఉన్నా కీలక కమిటీల్లో పట్టు దక్షిణాది సభ్యులది. కేంద్రం డబ్బుతో పాటు కేంద్రం నిబంధనలూ వస్తాయని, జాతుల వారీ ఆసుపత్రులు పోతాయని వారి భయం. 1948 జులైలో సైన్యంలో జాతి వివక్షను అంతం చేస్తూ ఉత్తర్వు ఇచ్చిన ట్రూమన్ మీద వారికి నమ్మకం లేదు. 1950లో పథకాన్ని బలపరిచిన క్లాడ్ పెప్పర్, ఎల్బర్ట్ థామస్ వంటి సెనెటర్లు ఓడిపోయారు. ఆ ఏడాది జూన్‌లో మొదలైన కొరియా యుద్ధం మిగతా అన్నింటినీ వెనక్కి నెట్టింది.

పథకాన్ని లోపలి నుంచి బలహీనపరిచిన మరో కారణమూ ఉంది. చట్టం రాదని తేలాక కార్మిక సంఘాలు యాజమాన్యాలతో బేరమాడి కంపెనీ ద్వారా బీమా సాధించుకోవడం మొదలుపెట్టాయి. అది వారి సభ్యులకు మేలే. కానీ అందరికీ బీమా కోసం గట్టిగా గొంతెత్తగల వర్గం తన వరకు సమస్య తీర్చుకుంది. బయట మిగిలింది రిటైరైన వృద్ధులు, కూలీలు, నిరుద్యోగులు. ఉద్యోగం పోతే బీమా కూడా పోయే నేటి అమెరికా పద్ధతి అప్పుడే వేళ్లూనుకుంది.

కార్డు నంబర్ ఒకటి

పదవీకాలం చివర్లో ట్రూమన్ అధికారులు గురి తగ్గించారు. 65 ఏళ్లు దాటిన వృద్ధులకు మాత్రం ఏడాదికి 60 రోజుల ఆసుపత్రి ఖర్చు ఇద్దామని ఫెడరల్ సెక్యూరిటీ ఏజెన్సీ అధిపతి ఆస్కార్ ఈవింగ్ 1951లో ప్రతిపాదించారు. వృద్ధుల మీద బీమా కంపెనీలకు ఆసక్తి లేదు, జీవితమంతా పనిచేసినవారిని సోమరులని ఎవరూ అనలేరు. కానీ ట్రూమన్ హయాంలో అదీ సాగలేదు. 1953 జనవరిలో జనాదరణ బాగా పడిపోయిన స్థితిలో ఆయన ఇండిపెండెన్స్‌కు తిరిగొచ్చారు. అప్పటికి మాజీ అధ్యక్షులకు పింఛను లేదు, చేతికొచ్చేది సైనిక పింఛను. అధ్యక్షుడిగా ఎదురైన నిరాశల్లో తనను వ్యక్తిగతంగా ఎక్కువ బాధపెట్టింది ఆరోగ్య బీమా ఓటమేనని జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

వృద్ధులకు బీమా అన్న ఆలోచనను తర్వాత కెన్నెడీ చేపట్టారు. 1964 ఎన్నికల్లో భారీ మెజారిటీ సాధించిన లిండన్ జాన్సన్ దాన్ని చట్టం చేశారు. 65 దాటిన వారికి మెడికేర్, పేదలకు రాష్ట్రాల ద్వారా మెడికెయిడ్. 1965 జులై 30న సంతకం చేయడానికి జాన్సన్ ఇండిపెండెన్స్‌లోని ట్రూమన్ లైబ్రరీకే వెళ్లారు. 81 ఏళ్ల ట్రూమన్ సమక్షంలో సంతకం జరిగింది. మొదటి కార్డు ఆయనకు, రెండోది బెస్‌కు ఇచ్చారు.

దక్షిణాది సభ్యులు భయపడ్డదీ జరిగింది. వివక్ష పాటించే ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదని ప్రభుత్వం తేల్చిచెప్పడంతో వేలాది ఆసుపత్రులు కొద్ది నెలల్లోనే జాతుల గోడలు తీసేశాయి. అదే 1965లో వచ్చిన కొత్త వలస చట్టం విదేశీ డాక్టర్లకు తలుపు తెరిచింది. మెడికేర్‌తో పెరిగిన రోగులకు డాక్టర్లు కావాలి. గుంటూరు, విశాఖ, హైదరాబాద్, వరంగల్ వైద్య కళాశాలల్లో చదివి అమెరికా వెళ్లిన తరం కథ అక్కడ మొదలైంది. ఇవాళ్టికీ అక్కడి రెసిడెంట్ డాక్టర్ల శిక్షణకు పెద్ద మొత్తంలో డబ్బిచ్చేది మెడికేరే.

ట్రూమన్ 1972 డిసెంబర్ 26న, 88 ఏళ్ల వయసులో కాన్సస్ సిటీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ తర్వాత నిక్సన్, క్లింటన్ సొంత పథకాలు తెచ్చి నెగ్గించుకోలేకపోయారు. 2010లో ఒబామా చట్టంతో కోట్ల మందికి బీమా దక్కింది కానీ అందరికీ దక్కలేదు. అది కూడా సబ్సిడీతో ప్రైవేటు బీమా అన్న నాలుగో మందుకే దగ్గర.

మనం కూడా ముక్కలు ముక్కలుగానే వెళ్తున్నాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ, 2018లో దేశవ్యాప్తంగా ఆయుష్మాన్ భారత్, 2024లో ఆదాయంతో పనిలేకుండా 70 ఏళ్లు దాటిన అందరికీ దాని విస్తరణ. వయసు గీత గీసి మొదలుపెట్టడం ఈవింగ్ తొక్కిన దారే. ఆ గీతకు ఇవతల మిగిలేది ఎవరు, ఏ జబ్బులకు డబ్బిస్తారు, ఆసుపత్రి బిల్లు సకాలంలో ఎవరు చెల్లిస్తారు అన్నవి ఎన్నికల సభల్లో అరుదుగా వినిపించే ప్రశ్నలు. 1949లో అమెరికా ఓటర్లు పథకం కాగితం చదవకముందే దాని మీద వేసిన ముద్రను నమ్మారు. ఆ ప్రశ్నలకు జవాబు దొరికేది ఆ కాగితంలోనే.